మూసిన విత్తనాల గది

“ఈ తలుపు బయటినుంచి కాలలేదు. లోపలినుంచి కాలింది,” అంది రమణి.

 కృపావతి చంకలో చెల్లెలి కూతురు, చిన్నగుంట, నిద్రపోతోంది. పిల్ల తల కిందికి జారితే భుజం ఎగరేసి సర్దుకుంది కానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఇల్లంటే ఇప్పుడు నాలుగు మట్టిగోడలే. కప్పు కూలిపోయి, ఎండ నేరుగా నేలమీద పడుతోంది. ముందు గది, వెనక చిన్న విత్తనాల గది. ఆ రెంటికీ మధ్య ఉన్న తలుపు ముందువైపు నల్లబడింది, అంతే. వెనక్కి తిప్పి చూస్తే బొగ్గు.

ఈ ఇంట్లో కాలిపోయిన కనక విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో ఉంది. ఇంతవరకూ నోరు తెరవలేదు. మొగుడు సుక్రు జైల్లో ఉన్నాడు. వాడు పెట్రోలు పోసి తగలబెట్టాడని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది ఇదిగో, ఈ కృపావతే, కనక తోడబుట్టిన అక్క. సుక్రు సంతలో సీసాల్లో పెట్రోలు అమ్మేవాడు. బూడిదలో పెట్రోలుందని లాబ్ చెప్పింది. ఇంకేం కావాలి? కనక కళ్లు మూసిందంటే అది హత్య కేసు అవుతుంది, ఈ పిల్లకీ దాని అన్నకీ అమ్మా ఉండదు, నాన్నా ఉండడు.

సుక్రు తరఫున నిలబడింది సుమ అనే లాయరొక్కతే. ఆమె పంపితే వచ్చింది రమణి. ఇరవై ఏళ్లు నేరపరిశోధన లాబ్‌లో పనిచేసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్న మనిషి.

“ఆ తెల్లవారుజామున కనక ఎక్కడ పడుకుంది?”

“ముందర గదిలో. పోలీసోలకి సెప్పీసినాను కదమ్మా.”

“నాకూ చెప్పు. పడుకున్న మనిషికి ముఖం, అరచేతులు, రొమ్ము కాలాయి. వీపుమీద చిన్న బొబ్బ కూడా లేదు. డాక్టరు చూపించాడు. ఎలా పడుకుంటే అలా కాలుతుంది?”

“నాకేటి తెలుసు? లెగిసి ఆర్పబోయిందేమో.”

“నిద్రలో అంటుకుంటే ముందు చీర అంచు, కాళ్లు కాలాలి. పాదాలు శుభ్రంగా ఉన్నాయి. మంట ఆమె ఎదుటినుంచి ఒక్కసారిగా వచ్చింది. తలుపు తీసిన మనిషి మీదికి వచ్చినట్టు.”

కృపావతి ముఖం పక్కకు తిప్పుకుంది. రమణి కూర్చుని తలుపు కింద బూడిదను కర్రతో పక్కకు జరిపింది. రేకు బుడ్డి దీపం ఒకటి బయటపడింది. మూతి వంగిపోయింది, వత్తి లేదు. తలుపు గొళ్లెం మాత్రం పక్కకు వేలాడుతోంది. ఎవరో చేత్తో తీసిన గొళ్లెం అది.

“ఈ బుడ్డి ఎవరిది?”

“మా అమ్మది. కనకకి ఇచ్చింది.” అనేశాక గాని అనకూడదని గుర్తు రాలేదు ఆమెకు.

“విత్తనాల గది తలుపు తీసింది కనకే, కదూ?”

“అమ్మా, నీకు దండం పెడతాను. ఆ మాట ఊళ్లో అనకు.”

“ఎందుకు?”

పిల్లను ఇటు భుజంనుంచి అటు భుజానికి మార్చుకుని, గుమ్మం మీద కూలబడింది కృపావతి.

“నాను ఆదివారం ప్రార్థనకెల్తాను. అయినా సరే, విత్తనాల గది కాడ ఊరి కట్టుబాటే నాకూనూ. గది అలికి, విత్తనాలెట్టి గొళ్లెం ఏసినామంటే మళ్లీ పండగనాడే తియ్యాల. దేవత కాడ దీపం ఎలిగించి, ఆ దీపంలోంచి ఇంటింటికీ నిప్పు పట్టుకెల్లి, ఇంటి ఆడది దీపంతో లోపలికెల్లి విత్తనం బయటికి తెస్తాది. ముందుగా తెరిసిందనుకో, ఆ ఏడు పంట పోతే ఊరంతా దాని మీదే ఏసీస్తాది. నా సెల్లి బతికొచ్చినా దానికి ఊరుండదు.”

“మరి ఎందుకు తెరిచింది?”

“ఈ గుంటకి జొరం. అంబలి కాద్దారంటే సోడిపిండి నిండుకుంది. రాత్రంతా ఏడిసిందట ఇది. తెల్లారగట్ల రెండు దోసిళ్లు సోళ్లు తీద్దారని బుడ్డట్టుకుని ఎల్లినట్టుంది.” పిల్ల నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. “నాను ఒచ్చీసరికి ఇల్లు మండిపోతంది, సుక్రు పిల్లలతో వాకిట్లో నిలబడున్నాడు. పెట్రోలు కంపు. పెట్రోలు ఎవుడికాడ ఉంటాది సెప్పు? ముందురోజే మొగుడూ పెల్లాలు దెబ్బలాడుకున్నారు.”

“సుక్రు పోస్తుండగా చూశావా?”

“సూల్లేదు.”

“సీసా కనిపించిందా?”

“లేదు. అయినా వాడు కాకపోతే ఇంకెవుడమ్మా? దేవుడొచ్చి పోసినాడా?”

  రమణి లేచి విత్తనాల గదిలోకి వెళ్లింది.

పెట్రోలు పోస్తే అది నేలకు దిగుతుంది. నేల పగుళ్లలో, గోడ మొదట్లో దాక్కుంటుంది. రమణి మోకాళ్లమీద కూర్చుని, నాలుగు మూలలా కత్తితో నేల పెళ్లగించి వాసన చూసింది. మట్టి వాసనే. అప్పుడు గోడ వైపు తిరిగింది. ధాన్యం గాదె ఉన్న చోట గోడ అంతగా కాలలేదు. అక్కడ కత్తి మొన దించి ఒక పెచ్చు ఊడదీసింది.

ఏటేటా పూసిన పూతలు ఆ పెచ్చులో ఒకదానిమీద ఒకటి కనిపిస్తున్నాయి. రమణి చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ పెరటి గోడ ఇలాగే ఉండేది. అన్నింటికంటే పైన ఉన్న కొత్త పూత బాగా దళసరి. దాన్ని విరిచి ముక్కు దగ్గర పెట్టుకోగానే తల వెనక్కి పోయింది.

పెట్రోలు.

కింది పూత విరిచింది. ఏమీ లేదు. నిచ్చెనలాంటిది లేక, గాదె దిమ్మ ఎక్కి, మనిషి ఎత్తుకు పైన, ఒకప్పుడు చూరు ఆనిన చోట గోడ గీరింది. కొత్త పూతలో మళ్లీ అదే వాసన. సీసాతో చల్లిన పెట్రోలు చూరు దాకా ఎగిరి, పూత లోపలికి సమానంగా ఇంకి, ఆ వెనక పాత పూతను మాత్రం ముట్టుకోకుండా ఉండదు.

మూడో పెచ్చులోంచి నల్లటి పీలిక ఒకటి బయటికి వేలాడింది. లాగితే వచ్చింది. గోనెగుడ్డ ముక్క. దానికి తారు పట్టించి ఉంది.

రమణి మూడు గాజు సీసాలు తీసింది. ఒకదాంట్లో కొత్త పూత, ఒకదాంట్లో పాత పూత, ఒకదాంట్లో నేలమట్టి వేసి మూతలు బిగించింది. పీలికను కవర్లో పెట్టింది.

“కృపావతీ, ఈ కొత్త పూత మన్ను ఎక్కడిది?”

అంతసేపటికి ఆమె ముఖంలో కొంచెం నవ్వులాంటిది వచ్చింది. “పోలీసోలు అది అడగనేదు. అడిగినా మా మగోలు సెప్పలేరు. ఆలకి తెలీదు. మన్ను తేడం ఆడోల పని. మన్నుగుంటకి మగోడు రాకూడదు.”

“నేను మగాణ్ని కాను కదా.”

“కావు.” పిల్ల నెత్తి నిమిరింది. “ఎప్పుడూ కొండమీది గుంటలోంచి తెస్తాం. ఈ ఏడు అక్కడిదాకా ఎల్లక్కర్లేకపోయింది. గెడ్డ నీల్లు పారే మలుపు కాడ రోడ్డు పక్కనే కుప్ప. ఎర్రగా, మెత్తగా, రాయి లేకుండా. మా అదురుష్టం అనుకున్నాం.”

“వాసన రాలేదా?”

“రాకేం? అందుకే మరీ మంచిదనుకున్నాం. కిరసనాయిలు కంపుంటే సెదలు పట్టదు కదా! కనక గదికి సెదలు జాస్తి. ‘రెండు పూతలు ఎయ్యే’ అని నానే సెప్పినాను. నానే మోసుకొచ్చి ఇచ్చినాను నాలుగు తట్టలు.”

ఆమెకు ఇంకా అర్థం కాలేదు. రమణికి అర్థమైంది గానీ, ఆ మాట ఇప్పుడు, ఈ పిల్ల ఒళ్లో ఉండగా అనబుద్ధి కాలేదు. పైగా ఒక్క ముక్క ఇంకా మిగిలి ఉంది. ఆ కుప్ప ఎక్కణ్నుంచి వచ్చింది?

“పిల్లను ఎవరికైనా ఇచ్చి నాతో రా. నీతో పనుంది.”

* * *

ఆ చుట్టుపక్కల పెట్రోలు బంకు రోడ్డుమీద ఒక్కటే ఉంది, అదీ మూతపడి చాలాకాలమైంది. భూమిలోని ట్యాంకు కారి, పక్కనున్న హోటల్ బోరులో నీళ్లు పెట్రోలు కంపు కొట్టాక ప్రభుత్వం మూయించింది. ఇప్పుడక్కడ ఒక శుద్ధి కంపెనీ పనిచేస్తోంది. ట్యాంకు పైకి తీసిన చోట పెద్ద గొయ్యి, చుట్టూ నీలం టార్పాలిన్ పట్టాలు. భూమిలో నీరు ఎంతవరకు చెడిందో చూడడానికి తవ్విన సన్న బోర్లు. వాటిలోంచి నీరు తోడి, గాలి కొట్టి, బొగ్గు నింపిన డ్రమ్ముల గుండా పంపే గొట్టాలు. మోటారు రొద ఆగకుండా వినిపిస్తోంది.

సైట్ ఇంజనీరు సురేంద్ర కుర్రాడేమీ కాదు, ముప్ఫై దాటిన మనిషి. కానీ రమణి తన పని చెప్పగానే, పరీక్ష హాల్లో చిట్టీతో దొరికిపోయిన పిల్లాడిలా అయిపోయాడు.

“నీళ్లు బాగవడానికి ఎంతకాలం పడుతుంది?”

“ఏళ్లు పట్టొచ్చు మేడమ్. రాళ్ల సందుల్లోకి దిగిపోయింది కదా. మట్టి పని మాత్రం అయిపోయింది.”

“అయిపోవడమంటే?”

“చెడిన మట్టి తవ్వి తీసేశాం.”

“తీసి?”

“ఘాట్ దింపి, కింద లైసెన్సున్న యార్డుకి…”

“పంపించారు. కాగితాలన్నీ ఉన్నాయి,” అంటూ వెనకనుంచి ఒక గొంతు ఆ మాట పూర్తి చేసింది. “రమణిగారూ! లాబ్ వదిలేసినా మట్టి పిసకడం వదల్లేదన్నమాట.”

ఫణీంద్ర. ఒకప్పుడు ఈ ప్రాంతంలోనే సి.ఐ. రమణి ఇచ్చిన లాబ్ రిపోర్టులు తనకు నచ్చకపోతే కోర్టుదాకా రానిచ్చేవాడు కాదు. రిటైరయ్యాక ఈ కంపెనీకి సెక్యూరిటీ సలహాదారు. మీసాలకు కొత్తగా రంగు వేశాడు.

“మీరు యూనిఫాం వదిలేసినా పక్కవాడి మాట తుంచడం వదల్లేదు. నేనడిగింది సురేంద్రని.”

“సురేంద్ర నా పర్మిషన్ లేకుండా మాట్లాడడు. ఇంతకీ మీకు ఇక్కడేం పని? మీ సుక్రుగాడు సంతలో పెట్రోలు అమ్మాడు, ఇంట్లో పెట్రోలు పోశాడు. తోడబుట్టిందే ఫిర్యాదు ఇచ్చింది. అడుగుదామా?” కృపావతి వైపు తిరిగి గొంతు పెంచాడు. “ఏమ్మా, ఇచ్చావా లేదా?”

“ఇచ్చినాను బాబూ,” అంది కృపావతి తల దించుకుని.

“విన్నారుగా.”

“విన్నాను. ఇప్పుడు మీరు వినండి. సురేంద్రా, ఆ మీటరు ఒకసారి ఇటు తీసుకురా.”

మట్టిలో పెట్రోలు ఆవిరి ఎంతుందో చెప్పే చేతిమీటరు అది. సైట్లో రోజూ వాళ్లు వాడేదే. సురేంద్ర ఫణీంద్ర ముఖం చూశాడు. ఫణీంద్ర తాపీగా చెయ్యి ఊపాడు, కానివ్వమన్నట్టు. పెట్రోలు పోసిన ఇంట్లో పెట్రోలు దొరికితే తనకేం నష్టం?

రమణి సీసాలు మూడూ బండి ముందుభాగం మీద, ఎండలో వరసగా పెట్టి ఉంచింది. మొదట కొత్త పూత ఉన్న సీసా మూత కొద్దిగా తెరిచి మీటరు ముక్కు లోపల పెట్టించింది. మీటరు కీచుమంటూ అరవడం మొదలుపెట్టింది.

“ఇంకేం! మీరే రుజువు చేశారు,” అన్నాడు ఫణీంద్ర.

“ఇది ఇంటి నేల.” రెండో సీసా. మీటరు పలకలేదు. “ఇది అదే గోడ, కొత్త పూత వెనకున్న పాత పూత.” మూడో సీసా. మళ్లీ మౌనం. “మీ సుక్రు చాలా తెలివైనవాడు ఫణీంద్రగారూ. నేలమీద చుక్క పడకుండా, వెనక పూత తడవకుండా, చూరు దాకా ఒక్క కొత్త పూతలో మాత్రం పెట్రోలు ఇమిడ్చాడు. అలా ఎలా పోస్తారో మీకు తెలిస్తే చెప్పండి, నేనూ నేర్చుకుంటాను.”

“గోడకు పూసేముందు మట్టిలో కలిపుంటాడు.”

“ఆ మట్టి ఆయన చేత్తో ముట్టుకోలేదు. వాళ్ల ఊళ్లో ఆ పని ఆడవాళ్లది.”

“అయితే ఆడవాళ్లే కలిపారు!”

“అందుకే ఇది కూడా తెచ్చాను.” కవరులోంచి తారుగోనె పీలిక తీసి సురేంద్ర అరచేతిలో పెట్టింది. “ఇది ఎక్కడిది బాబూ?”

సురేంద్ర దాన్ని చూసి, తెలియకుండానే పట్టాల అవతల పడి ఉన్న పాత ట్యాంకు వైపు చూశాడు. పైకి తీసిన ఆ తుప్పు ట్యాంకు చుట్టూ తారు పట్టించిన గోనెగుడ్డ చుట్టి ఉంది. సగానికి సగం చిరిగి, పీలికలై వేలాడుతోంది. రమణి నడిచి వెళ్లలేదు. వెళ్లనక్కర్లేకపోయింది.

“మేడమ్,” అన్నాడు సురేంద్ర, “ఘాట్‌లో కొండ విరిగిపడి రోడ్డు మూసేశారు అప్పుడు. టిప్పర్లు నిండి ఉన్నాయి. రెండ్రోజుల్లో ఎత్తేద్దాం అని గెడ్డ మలుపు దగ్గర…”

“సురేంద్రా!”

“…దింపమన్నారు. నేను వద్దన్నాను సార్, మీకు తెలుసు. రోడ్డు తెరిచాక కూడా ఎవరూ ఎత్తలేదు. నేను అడిగితే, కుప్ప తగ్గిపోయింది, వానకి కొట్టుకుపోయిందన్నారు.”

“వాన కాదు బాబూ.” కృపావతి గొంతు వింటే రమణికే భయం వేసింది. “వానెక్కడిది? మావు ఎత్తుకున్నాం. ఊరంతా. ప్రతి ఇంటి విత్తనాల గదికీ అదే మన్ను.”

 కృపావతి తన చేతులకేసి చూసుకుంటోంది. “నా సెల్లిని నానే కాల్చీసినాను. రెండు పూతలు ఎయ్యే అన్నాను. మరిదిని జైల్లో ఎట్టించినాను.”

“మట్టి దింపినవాళ్లు కాల్చారు. నువ్వు కాదు,” అంది రమణి. “ఇటు చూడు. గదులన్నీ ఇప్పుడు మూసే ఉన్నాయా?”

“పండగ దాకా తియ్యరు.”

“పండగ ఎప్పుడు?”

“ఇయ్యాలే. సెల్లి అలా ఉంటే నాకు పండగేటని నాను…” 

మూసిన గది. గాలి ఆడదు. గోడ నుంచి ఊరే ఆవిరికి బయటికి పోయే దారి లేదు. అందులోకి ఇవాళ ప్రతి ఇంటి ఆడమనిషీ దీపం పట్టుకుని వెళుతుంది. అందరూ ఒకే వేళకు.

రమణి ఫోన్ తీసింది. “ఊళ్లో ఎవరిదైనా నంబరు చెప్పు.”

“టవరు లేదమ్మా అక్కడ. కొండెక్కితేనే.”

రమణి సురేంద్ర చేతిలోంచి మీటరు అందుకుంది. ఫణీంద్ర ఒక్క అడుగు ముందుకు వేసి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“అది కంపెనీ సొత్తు.”

“దొంగతనం కేసు పెట్టండి. మీకు అలవాటేగా.”

“రమణిగారూ, ఆవేశపడకండి. ఆ మిగిలిన కుప్ప ఇవాళే ఎత్తించేస్తున్నాను. జేసీబీ అక్కడే ఉంది. శుభ్రం చేయడమే కదా మా పని? సాయంత్రానికి అక్కడ మట్టీ ఉండదు, మీ కథా ఉండదు.”

“పక్కకు జరగండి.”

“మేడమ్,” అన్నాడు సురేంద్ర వెనకనుంచి. “ఆన్ చేశాక కాసేపు ఆగి చూడండి. తలుపు సందులో పెట్టినా చాలు, చెప్పేస్తుంది.”

ఫణీంద్ర తల తిప్పి అతని వైపు చూశాడు. ఆ కాస్తలోనే ఆడవాళ్లిద్దరూ బండెక్కేశారు.

* * *

గెడ్డ మలుపు దగ్గర జేసీబీ నిజంగానే పనిచేస్తోంది. కుప్ప ఉన్న చోట నేలంతా గీరి, ఆఖరి తొట్టె టిప్పర్లోకి ఒంపుతోంది. రమణి కాలు అప్రయత్నంగా బ్రేకు మీదికి పోయింది. దిగి నాలుగు ఫోటోలు, ఒక సీసా మట్టి, టిప్పరు నంబరు. సుక్రుని బయటికి తేవడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకెక్కడా దొరకదు. ఇప్పుడు వదిలేస్తే రేపు అక్కడ గడ్డి మొలిచి ఉంటుంది.

“ఆపుతావా అమ్మా?” అంది కృపావతి. ఆపొద్దనలేదు. ఆమె మరిది కూడా కదా జైల్లో ఉన్నది.

“కుప్ప పోతే పోనీ,” అని రమణి కాలు తీసేసింది. “మీ గోడలు నిలిస్తే సాక్ష్యం నిలిచినట్టే. ఎన్ని గోడలు మోసుకుపోతారు?”

పొద్దు కొండమీదికి వాలింది. బండి వెళ్లే దారి ఊరికి కింద, రాళ్ల బాట మొదట్లో అయిపోతుంది. కృపావతి బండి పూర్తిగా ఆగకముందే దూకింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఆ బాట వెంట ఆమె పరుగెడుతుంటే రమణికి ఊపిరి అందలేదు. మోకాలు కలుక్కుమంటోంది. మీటరును రొమ్ముకు ఆనించుకుని పరుగెత్తింది. పైనుంచి డప్పు మొదలైంది.

“అదేమిటి?”

“దీపం ఎలిగించినారు!”

ఊరి మొదట్లో దేవత రాయి. దాని ముందు మట్టి ప్రమిదలో పెద్ద దీపం. పక్కన పూజారి సోంబరు, నెరిసిన తలకు కొత్త తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఊరి ఆడవాళ్లంతా చేతుల్లో చిన్న దీపాలతో వరసకట్టారు. మొదటి మనిషి వంగి, తన వత్తిని పెద్ద దీపానికి తాకించబోతోంది.

కృపావతి ఎవరికీ ఏమీ చెప్పలేదు. పక్కనున్న పసుపునీళ్ల కుండ రెండు చేతులా ఎత్తి, దేవత దీపం మీద గుమ్మరించింది.

చుయ్‌మంటూ పొగ లేచింది. డప్పు ఆగిపోయింది.

అప్పుడు లేచింది గోల. “ఒసే, ఏటి సేసినావే!” అని ఒకామె కృపావతి జుట్టు పట్టుకుంది. “ప్రార్థనోల బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!” అని ఇంకొకామె. మగవాళ్లు కర్రలు తీసుకుని ముందుకు వచ్చారు. వెనకనుంచి పడ్డ దెబ్బకు కృపావతి మోకాళ్లమీద కూలింది. అక్కణ్నుంచే అరిచింది.

“కొట్టండి! ముందు నా మాటిని కొట్టండి! మనం పూసిన మన్నులో పెట్రోలుంది. గెడ్డ మలుపు కాడ మన్ను. సుక్రు పొయ్యలేదు. కనక గది తెరిసింది, గుంటకి సోళ్లు తీద్దారని ముందుగా తెరిసింది, బుడ్డి దీపంతో. అంటుకుపోయింది. ఆ మన్ను మోసినదాన్ని నానే!”

ఏ మాట ఊళ్లో అనొద్దని మధ్యాహ్నం దండం పెట్టిందో, ఆ మాట ఊరంతా వినేటట్టు తనే అనేసింది.

“అబద్దం. మరిదిని తప్పించడానికి,” అన్నాడు కర్ర పట్టుకున్న ఒకడు.

“ఏ ఇల్లు దగ్గర?” అంది రమణి, వగరుస్తూ. “ఏ ఇల్లయినా సరే. తలుపు తీయక్కర్లేదు. నన్ను తలుపు దగ్గరికి రానివ్వండి చాలు.”

సోంబరు లేచాడు. ముసలాయన ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువుంది. ఆరిపోయిన దీపం వైపు ఒకసారి చూసి, “నా ఇల్లే దగ్గర. రా,” అన్నాడు.

గుంపంతా వెంట నడిచింది. సోంబరు ఇంట్లో చీకటి. ఎవరో అగ్గిపుల్ల గీయబోతే రమణి ఆ చేతిమీద కొట్టింది. విత్తనాల గది తలుపు ముందు కూర్చుని, మీటరు ఆన్ చేసి, సురేంద్ర చెప్పినట్టు కాసేపు ఆగి, దాని ముక్కును తలుపు కింది సందులో పెట్టింది.

మీటరు అరిచింది. ఆ ఇంట్లో నిలబడ్డ ప్రతివాళ్లకూ వినిపించేలా, ఆపకుండా అరిచింది.

సోంబరు భార్య చేతిలోని చిన్న దీపం కింద పడింది. అది వెలగని దీపమే అయినా అందరూ ఒక్క గంతులో వెనక్కి జరిగారు.

“తలుపులు బయటినుంచి తీసి వదిలెయ్యండి,” అంది రమణి. “కప్పులో నాలుగు గడ్డిమోపులు లాగెయ్యండి, గాలి ఆడుతుంది. ఇవాళ ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించొద్దు, చుట్ట కాల్చొద్దు. గోడలు మాత్రం ఎవరూ గీరకండి. అవి నాకు కావాలి. అవి సుక్రుకి కావాలి.”

జుట్టు పట్టుకున్నామే కృపావతిని లేపి, నుదుటిమీద చెమ్మ తన కొంగుతో తుడిచింది. 

“అమ్మా,” అంది కృపావతి రమణితో, “రేపు తెల్లారకముందే నన్ను స్టేషన్‌కి తీస్కెల్లు. నా కాయితం నాను ఎనక్కి తీసుకుంటాను.”

“నీ మాటొక్కటే చాలదు. కంపెనీ వాళ్లు, ‘మట్టి సంగతి మాకేం తెలుసు, ఆడవాళ్లే దొంగతనంగా ఎత్తుకుపోయారు’ అంటారు. గోడల్లో తమ మట్టి ఉన్నట్టు వాళ్లకు ముందే తెలుసని చెప్పగలిగితే…”

“తెలుసు,” అన్నాడు సోంబరు.

అందరూ ముసలాయన వైపు తిరిగారు. ఆయన ఇంకా ఆ తలుపునే చూస్తున్నాడు.

“పొద్దున ఆ కంపెనీ బాబు ఒచ్చినాడు. మీసాలకి రంగేసుకున్న బాబు. ఇల్లిల్లూ తిరిగి విత్తనాల గదుల గోడలు బయటినుంచే తడిమి సూసినాడు, వాసన సూసినాడు. బాగా అలికినారు అన్నాడు. పండగ సంగతి అడిగినాడు. మన పండగ మీద ఇంత మనసేటి ఈ బాబుకి అనుకుని, నాను అన్నీ సెప్పినాను.”

“ఏమడిగాడు?”

“దీపం గదుల్లోకి ఏ ఏలకి ఎల్తాది అన్నాడు. పొద్దు గూకినాక అన్నాను. అందరూ ఒక్కసారే ఎల్తారా అన్నాడు. ఎల్తారు బాబూ, అదే మా కట్టుబాటు అన్నాను.” సోంబరు తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. “ ‘మంచిది’ అన్నాడమ్మా. అని ఎలిపోయినాడు.”